ఇంజన్ పోయిన బండి: చౌల్దారీలో బాగుచేయించాలా, అమ్మాలా?

ఇంజన్ పాడైన బండిని బాగుచేయించుకోవాలా, ఉన్నదున్నట్టు అమ్మేసుకోవాలా అని ఎవరినడిగినా తెలుగునాట ఒకటే మాట వినిపిస్తుంది: రిపేరు ఖర్చు బండి ధరలో సగం దాటితే వదిలించుకోమంటారు. విజయవాడ ఆటోనగర్‌లోనో గాజువాక ఆటోనగర్‌లోనో ఈ మాట చాలావరకు చెల్లుతుంది. అక్కడ లేత్ పనివాడు, క్రాంకు గ్రైండింగు చేసేవాడు, రేడియేటర్ అతికేవాడు, పాత ఇంజన్లు అమ్మేవాడు, బండిని ముక్కలుగా కొనేవాడు అందరూ దగ్గరదగ్గరే ఉంటారు. పాడైన బండికి నలుగురు బేరగాళ్ళు వస్తారు. దాని బదులు కొనుక్కోవడానికి కావలసినన్ని బండ్లు దొరుకుతాయి. ఇదే సూత్రాన్ని దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీకి మోసుకుపోతే లెక్క తప్పుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. తెలుగునాటి సొంతవాళ్ళు చెప్పిన సలహానే దీవిలోనూ పాటించి, నడపదగిన బండిని కారుచవకగా వదులుకోవడమో, తుప్పుపట్టిన బండి మీద లక్ష తగలేయడమో జరిగే అవకాశం ఎక్కువ. నా వాదన ఒక్కటే. దీవిలో ఈ నిర్ణయం ఇంజన్ బిల్లును బట్టి తీసుకోకూడదు. బండి అడుగుభాగానికి ఇంకెన్నేళ్ళ ఆయుష్షుంది, దీని బదులు మరో బండి గుమ్మంలోకి రావడానికి మొత్తం ఎంతవుతుంది అన్నవి ముందు తేలాలి. బిల్లు సంగతి ఆ తర్వాత.

ఎందుకలా అంటే ముందు చోటు గురించి చెప్పాలి. చౌల్దారీ పోర్ట్ బ్లెయిర్‌కి రోజూ వెళ్ళిరాగలిగే దూరంలో ఉన్న పల్లె. ఆ పట్టణానికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చినా జనం నోట పాత పేరే ఎక్కువగా ఉంది. అక్కడికి ఏ పెద్ద విడిభాగం కావాలన్నా చెన్నై, కోల్‌కతా, విశాఖల నుంచి సముద్రం మీద రావాలి. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి దాదాపు 1,200 కిలోమీటర్లు. ఓడకి రెండున్నర మూడు రోజుల ప్రయాణం, అదీ రోజూ ఉండదు. చిన్న గాస్కెట్టు, రింగుల సెట్టు విమానంలో వచ్చేస్తాయి. ఇంజన్ బ్లాకు, కారు మాత్రం ఓడే ఎక్కాలి. ఇక వాతావరణం: ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, మే నుంచి డిసెంబరు దాకా రెండు రుతుపవనాలు, ఎటు చూసినా ఉప్పుగాలి. 2004 డిసెంబరు 26 సునామీ నాటి భూకంపంలో దక్షిణ అండమాన్ నేల దాదాపు ఒక మీటరు కుంగింది. సిప్పీఘాట్ దగ్గర పొలాలుగా ఉన్న పల్లం సముద్రపు నీటి పాలైంది. అలాంటి చోట్ల వాన, పోటు ఒకేసారి వస్తే బండి చక్రాలకు తగిలేది వాననీరు మాత్రమే కాదు. మరోపక్క దీవిలో తిరిగే దూరాలు చిన్నవి. దీవులను కలిపే ట్రంక్ రోడ్డు దిగ్లీపూర్ దాకా మొత్తం కలిపినా మూడువందల ముప్పై కిలోమీటర్ల చిల్లరే. రోజువారీ తిరుగుడు అందులో చిన్న ముక్క. దీని ఫలితం ఒక విచిత్రం. మీటరు మీద కిలోమీటర్లు తక్కువ, ఇనుము మీద వయసు ఎక్కువ. హైదరాబాదులో బాడీ నిగనిగలాడుతూ ఇంజన్ అరిగిపోయిన బండ్లు కనబడితే, దీవిలో ఇంజన్ ఇంకా బలంగా ఉండగానే అడుగు చిల్లులుపడిన బండ్లు కనబడతాయి. ఇంజన్ పోయిందన్న వార్త వినగానే బానెట్ ఎత్తడం అందరికీ అలవాటు. ముందుగా చూడవలసింది బండి కింద.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలే. నడుస్తున్న స్థితిలో రెండు లక్షలు పలికే కారు ఒకటి ఇంజన్ పట్టేసి ఆగిపోయిందనుకుందాం. ఉన్నదున్నట్టు అమ్మితే 60,000 వస్తుంది. బాగుచేయడానికి మెకానిక్ 1,20,000 చెప్పాడు. సగం సూత్రం ప్రకారం ఇది నూటికి అరవై, కాబట్టి అమ్మేయాలి. కానీ అమ్మిన మనిషి నడిచి తిరగడు కదా, అలాంటిదే మరొకటి కొనాలి. రెండు లక్షలు పెట్టాలి, చేతికొచ్చిన 60,000 తీసేస్తే 1,40,000. దానిపైన పేరు మార్పు ఖర్చు, కొన్నాక బయటపడే బ్రేకులు, టైర్లు, బ్యాటరీ. బండి ప్రధాన భూభాగం నుంచి తెప్పించాలంటే ఓడ బాడుగ, ఎన్‌వోసీ, మళ్ళీ దీవిలో రిజిస్ట్రేషను. అంటే 1,20,000 రిపేరు నిజానికి చవక దారి. సరైన పోలిక రిపేరు ఖర్చుకీ బండి ధరకీ మధ్య కాదు. రిపేరు ఖర్చుకీ, కొనే ధరలోంచి పాడైన బండికి వచ్చే ధర తీసేయగా మిగిలే మొత్తానికీ మధ్య. ఆటోనగర్‌లో పాడైన బండికి మంచి ధర వస్తుంది కాబట్టి ఆ మిగులు తగ్గి అమ్మకం వైపు తూగుతుంది. చౌల్దారీలో పాడైన బండిని కొనేవాళ్ళు ఒకరిద్దరు. వాళ్ళకి తెలుసు, మీకు వేరే దారి లేదని. అందువల్ల అమ్మకపు ధర పడిపోతుంది, కొనుగోలు ధర పెరుగుతుంది, ఆ రెండూ కలిసి తక్కెడను రిపేరు వైపు మొగ్గేలా చేస్తాయి.

అయితే ఇంతటితో ఆపితే దీవిలో ప్రతి బండినీ బాగుచేయించుకోవాలని తేలుతుంది. అది నిజం కాదు. పై లెక్కలో ఒక షరతు దాగి ఉంది: బాగుచేసిన బండీ, కొత్తగా కొన్న బండీ సమానంగా ఎన్నేళ్ళు నడుస్తాయన్నది. తుప్పు ఆ సమానత్వాన్ని చెరుపుతుంది. కారును ర్యాంపు మీదికెక్కించి సస్పెన్షన్ బిగించే చోట్లు, జాకీ ఆనే పట్టీలు, తలుపుల కింది అంచులు, బ్రేకు పైపులు, పెట్రోలు ట్యాంకు పట్టీలు స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడాలి. రంగు లేచినంత మాత్రాన భయం లేదు. మొన లోపలికి దిగితే మాత్రం ఆ ఇనుము పని అయిపోయినట్టే; దానికి అట్ట అతికినట్టు రేకు వెల్డింగు చేసి పైన నల్లరంగు పూసినా మూలబలం తిరిగి రాదు. ఉదాహరణలోని కారుకి అడుగుభాగం ఇంకో రెండేళ్ళే ఆగుతుందనుకుందాం. అప్పుడు 1,20,000 రెండేళ్ళకి పంచితే ఏడాదికి 60,000. బదులుగా మూడున్నర లక్షలు పెట్టి ఏడేళ్ళు ఆగే గట్టి బండి తీసుకుంటే, 60,000 పోను 2,90,000. ఏడాదికి నలభై ఒక్క వేల చిల్లర. ఇంజన్ బిల్లు ఒక్క రూపాయి మారలేదు, తీర్పు మాత్రం తిరగబడింది. దీనికి చట్టం పెట్టిన గడువు కూడా కలపాలి. సొంత కార్లకి మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్ళు, తర్వాత అయిదేళ్ళకోసారి తనిఖీ, రెన్యువల్. 2022 ఏప్రిల్‌లో 15 ఏళ్ళు దాటిన కారు రెన్యువల్ రుసుము 600 నుంచి 5,000కి పెరిగింది. పద్నాలుగేళ్ళ బండికి ఇంజన్ పని మొదలుపెట్టేవాళ్ళు ఆ తనిఖీలో అడుగుభాగం నెగ్గుతుందా అని ఇప్పుడే అడగాలి.

అడుగు గట్టిగా ఉందని తేలాక ఇంజన్ దగ్గరికి రావచ్చు. ఇక్కడ ఏం పాడైంది అన్న దానికన్నా ఎందుకు పాడైంది అన్నది ముఖ్యం. కారణం తేలకుండా చేసిన రిపేరు ఆరు నెలల్లో మళ్ళీ అదే షెడ్డుకి తీసుకెళుతుంది. ఎక్కువగా కనిపించేవి మూడు. మొదటిది వేడెక్కడం: రేడియేటర్ మూసుకుపోయి, ఫ్యాను తిరగక, లేదా కూలెంటు బదులు ఏళ్ళ తరబడి మామూలు నీళ్ళు పోసి, ఆ నీళ్ళతో లోపలి దారులు తుప్పుపట్టి ఇంజన్ మరిగిపోతుంది. అల్యూమినియం హెడ్డు వంగుతుంది, గాస్కెట్టు తెగుతుంది, నీళ్ళూ ఆయిలూ కలిసి డిప్‌స్టిక్కు మీద పాలటీ రంగు నురగ కనిపిస్తుంది. సైలెన్సర్‌లోంచి ఆగకుండా తెల్లపొగ వస్తుంది. వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటగానే బండి ఆపితే ఇది హెడ్డు పనితో పోతుంది. ఇంటిదాకా లాక్కొచ్చేద్దామనుకుంటే పిస్టన్లు బోరును గీరేస్తాయి. రెండోది ఆయిల్ అందకపోవడం. కింద చాంబరుకు రాయి తగిలి ఆయిల్ కారిపోవడమో, మార్చవలసిన సమయానికి మార్చకపోవడమో కారణం. బేరింగులు అరిగి లోపల నుంచి టకటక శబ్దం మొదలవుతుంది, తర్వాత క్రాంకు పట్టేస్తుంది. తీసిన ఆయిల్‌ను ఎండలో పళ్ళెంలో పోసి చూస్తే వెండిపొడిలా మెరిసిందంటే బేరింగు లోహం అందులోకి వచ్చేసినట్టే. మూడోది దీవికి మరీ దగ్గరిది: నీళ్ళు. నిలిచిన నీటిలోంచి బండి వెళుతుంటే గాలి పీల్చే గొట్టం ద్వారా నీరు సిలిండర్‌లోకి వెళుతుంది. గాలి అణుగుతుంది గాని నీరు అణగదు. పిస్టన్ పైకి రాబోయి ఆగితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. నీళ్ళలో ఆగిన బండిని మళ్ళీ స్టార్టు చేయకుండా తోసుకొస్తే ప్లగ్గులు తీసి నీరు వదిలించి, ఆయిల్ మార్చి బతికించుకోవచ్చు. ఒక్కసారి తాళంచెవి తిప్పినందుకు వేలల్లో పోయేది లక్షకు చేరుతుంది. అది ఉప్పునీరైతే ఇంజన్‌తో ఆగదు; వైరింగు, సెన్సార్లు, కంప్యూటర్ పెట్టె నెలల తర్వాత కూడా ఒక్కొక్కటే పోతుంటాయి. ఉప్పునీట మునిగిన కొత్తరకం బండి ఒక్కదానికే నేను అమ్మకాన్ని తడుముకోకుండా సిఫారసు చేస్తాను.

విప్పకముందే చాలా తెలుసుకోవచ్చు. కంప్రెషన్ గేజీ పెట్టి నాలుగు సిలిండర్లూ కొలిస్తే ఏది బలహీనమో తెలుస్తుంది. బలహీనమైన దానిలో ప్లగ్గు కన్నంలోంచి ఒక చెంచా ఆయిల్ పోసి మళ్ళీ కొలవాలి. ఒత్తిడి పెరిగితే రింగులు, బోరు అరిగినట్టు. పెరగకపోతే తప్పు వాల్వులలోనో గాస్కెట్టులోనో ఉన్నట్టు. మొదటిది ఇంజన్ దించవలసిన పని, రెండోది హెడ్డు విప్పితే సరిపోయే పని. రెండింటి ఖర్చుకి పోలికే లేదు. ఈ కొలత లేకుండా ఇంజన్ బోరుకొచ్చింది అని శబ్దం విని చెప్పే మాట మీద బండి అమ్మకూడదు, ఇంజన్ దించకూడదు. దించక తప్పదని తేలితే, విప్పి కొలిచే కూలి వేరుగా మాట్లాడుకుని, కొలతలు కాగితం మీద రాసిచ్చాకే ముందుకి వెళ్ళాలి. హెడ్డు మీద తిన్నటి పట్టీ ఆనించి సందు కొలుస్తారు; చిన్న కార్లలో సాధారణంగా 0.05 మిల్లీమీటరు మించితే దాన్ని ఫేసింగు చేయాలి. బోరు అరిగితే 0.25 గాని 0.50 గాని పెంచి పెద్ద పిస్టన్లు వేస్తారు, క్రాంకును అదే మెట్లలో తగ్గించి బేరింగులు వేస్తారు. ఇదివరకే చివరి మెట్టు దాకా వెళ్ళిన బ్లాకుకు కొత్త స్లీవులు వేయాలి, ఆ పని దగ్గరలో దొరక్కపోతే బ్లాకు ఓడెక్కాలి. అంచనా రెట్టింపయ్యేది ఇక్కడే. కొలతలు చేతికొచ్చాక కూడా వద్దనుకునే హక్కు మీకుంటుంది. విప్పిన కూలి పోతుంది, అంతే. చాలామంది విప్పించాం కదా, ఇప్పుడు ఆపితే ఎలా అని ముందుకే పోతారు. పెట్టిన డబ్బు ఎటూ తిరిగిరాదు. ఇకపై పెట్టబోయేది మాత్రమే లెక్క.

దీనికి వచ్చే మొదటి ఆక్షేపణ బలమైనదే: ఒకసారి విప్పిన ఇంజన్ మళ్ళీ పాతదిలా ఉండదంటారు. అనుభవం మీద పుట్టిన మాట కాబట్టి కొట్టిపారేయలేం. కానీ దానికి కారణం విప్పడం కాదు, సగం పని. రింగులు మాత్రం మార్చి బోరు అలాగే వదిలేయడం, పాత బోల్టులే తిరిగి బిగించడం, టార్క్ రెంచి లేకుండా చేతి అంచనాతో హెడ్డు బిగించడం, ఆయిల్ పంపును, రేడియేటర్‌ను ముట్టుకోకపోవడం: ఇవీ అసలు నేరస్తులు. లారీల ఇంజన్లు ఒకటికి రెండుసార్లు బోరు చేయించుకుని లక్షల కిలోమీటర్లు తిరుగుతూనే ఉన్నాయి కదా. అందువల్ల నమ్మకమైన మెకానిక్, కొలత పరికరాలున్న షెడ్డు దొరకకపోతే రిపేరు పక్షాన నేను చెప్పినదంతా వీగిపోతుంది. అప్పుడు సెకండ్ హ్యాండ్ ఇంజన్ వేయించడం మేలని కొందరంటారు. ఆ ఇంజన్ చరిత్ర ఎవరికీ తెలియదు. చెన్నైలో కొని ఓడలో తెచ్చాక పొగవస్తే వెనక్కి పంపే దారి ఉండదు. పైగా ఇంజన్ నంబరు మారుతుంది కాబట్టి ఆర్సీలో నమోదు కావాలి, దానికి ఆ ఇంజన్ ఎక్కడిదో చూపే కాగితం కావాలి. కాగితం లేని ఇంజన్ ఎంత చవకైనా తీసుకోవద్దు. ఉత్పత్తి ఆగిపోయిన మోడళ్ళ విషయంలో మాత్రం తీరు వేరు. మారుతీ ఓమ్నీ 2019లో ఆగినా దాని ఇంజన్ భాగాలు విరివిగా దొరుకుతున్నాయి. తక్కువగా అమ్ముడైన మోడల్‌కి ఒక్క సెన్సారు కోసం వారాలు ఎదురుచూడాలి. అలాంటి బండికి ఇంజన్ పని పెట్టుకోవడం దీవిలో తెలివైన పని కాదు.

రెండో ఆక్షేపణ కాలం గురించి. విడిభాగం ఓడలో వచ్చేదాకా బండి మూలన ఉంటే వక్కలు, కొబ్బరికాయలు బజారుకి ఎలా వెళతాయి, పిల్లలు బడికెలా వెళతారు? బాడుగ బండ్లకైతే రోజు గడవడమే ప్రశ్న. ఈ నష్టం నిజమైనది. రోజుకింత అని వేసి రిపేరు ఖర్చుకి కలపాలి. అయితే అమ్మకానికీ అంతే కాలం పడుతుందని మరవకూడదు. కొనేవాడు దొరకాలి, డబ్బు చేతికి రావాలి, బదులు బండి వెతకాలి. రెండు పక్కలా రోజులు వేసి చూస్తే బాడుగ బండికి తప్ప తేడా పెద్దగా మిగలదు. కొత్త బండి తక్కువ పెట్రోలు తాగుతుంది, ఆ ఆదాయే వాయిదా కడుతుంది అనే వాదం కూడా వింటాం. హైదరాబాదులో లీటరు పెట్రోలు 107 రూపాయలు దాటిన రోజుల్లో పోర్ట్ బ్లెయిర్‌లో 82 చిల్లరే ఉంది. అక్కడ స్థానిక పన్ను నామమాత్రం. ధర తక్కువ, తిరిగే దూరం తక్కువ. అలాంటప్పుడు మైలేజీ మీద మిగిలేది వాయిదాలో చిన్న తునక కూడా కాదు.

ఇన్సూరెన్స్ ఆదుకుంటుందన్న ఆశ చాలామందికి ఉంటుంది. మామూలు సమగ్ర పాలసీ యంత్రం దానంతట అది పాడైతే, అరిగిపోతే డబ్బివ్వదు. ప్రమాదం వెనువెంట కాక దాని పర్యవసానంగా వచ్చిన ఇంజన్ నష్టాన్ని కూడా తోసిపుచ్చుతుంది. నీళ్ళలో ఆగిన బండిని మళ్ళీ స్టార్టు చేయబోతే జరిగిన నష్టం ఇందులోకే వస్తుంది. అదనపు ప్రీమియంతో ఇంజన్ రక్షణ కలుపుకున్నవాళ్ళకి కొంత ఊరట ఉంటుంది గాని దానికి బండి వయసు పరిమితి ఉంటుంది. ప్రమాదంలో ఇంజన్ పగిలినప్పుడు మాత్రం బీమావాళ్ళ లెక్క తెలిసి ఉండాలి. బండి ప్రకటిత విలువలో రిపేరు 75 శాతం దాటితే మొత్తం నష్టంగా తీరుస్తారు. ఆ విలువ ఏడాదేడాదికి తరుగుతుంది: రెండేళ్ళ బండికి 20 శాతం తరుగు, అయిదేళ్ళకి 50. ఇనుప భాగాల మీద కూడా అయిదు నుంచి పదేళ్ళ బండికి 40 శాతం కోత ఉంటుంది. ఆ కోత మీ జేబులోంచే పోతుంది కాబట్టి బీమా ఉంది కదా అని రిపేరును ఉచితంగా లెక్కవేయకూడదు.

ఇక మూడో దారి, అందరికీ ఆకర్షణగా కనిపించేది: బాగుచేయించి మంచి ధరకి అమ్మేయడం. నా దృష్టిలో ఇది అన్నిటికన్నా చెడ్డది. పెట్టిన 1,20,000లో కొనేవాడు గుర్తించేది చాలా తక్కువ. ఇంజన్ పని జరిగిందని తెలిస్తే అనుమానంతో ధర ఇంకా తగ్గిస్తాడు. ఆ నష్టం తప్పించుకోవడానికే పైపూత పని పుడుతుంది. చిక్కటి ఆయిల్ పోసి శబ్దం అణచడం, రేడియేటర్‌లో కారడం ఆపే పొడి వేయడం, చూపించే ముందు ఇంజన్ వేడిచేసి ఉంచడం లాంటివి. చట్టం పాత వస్తువు కొనేవాడినే జాగ్రత్తగా చూసుకోమంటుంది నిజమే. కానీ తెలిసిన లోపాన్ని పనిగట్టుకుని కప్పిపుచ్చడం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షను కింద మోసమే. చట్టాన్ని పక్కన పెట్టినా, అందరూ అందరికీ తెలిసిన దీవి పల్లెలో ఆ బండి రోజూ కళ్ళ ముందే తిరుగుతుంది. కొన్నవాడు ఆ డబ్బును వక్కతోట మీద అప్పు తెచ్చి ఉండొచ్చు. లోపం చెప్పి, కంప్రెషన్ కొలతల కాగితం చేతిలో పెట్టి అమ్మితే ధర తగ్గుతుందన్న భయం అక్కరలేదు. అనుమానానికి వేసే తగ్గింపు, తెలిసిన లోపానికి వేసే తగ్గింపు కన్నా సాధారణంగా పెద్దది.

అమ్మకమే సరైనదని తేలినవాళ్ళకి కాగితాల పని రిపేరంత ముఖ్యం. నడవని బండే కదా అని ఆర్సీ, తాళంచెవి ఇచ్చేసి డబ్బు తీసుకుని ఊరుకుంటారు. దాన్ని కొన్నవాడు బాగుచేసి రోడ్డెక్కించి ప్రమాదం చేస్తే రికార్డులో పేరున్నవాడే బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులో బండి ఒకరి నుంచి ఒకరికి చాలా చేతులు మారింది. నష్టపరిహారం మాత్రం రికార్డులో ఇంకా పేరున్న మొదటి యజమాని మీద పడింది. అందువల్ల 29, 30 ఫారాల మీద సంతకాలయ్యాక అమ్మినవాడే స్వయంగా రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. దీవిలోపలి అమ్మకానికి చట్టం ఇచ్చిన గడువు 14 రోజులు. ముక్కలు చేయడానికే అమ్మితే పేరు మార్పు కాదు, రిజిస్ట్రేషను రద్దు కావాలి. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను దానికీ అదే 14 రోజులు పెట్టింది. 2021 నియమాల కింద నమోదైన తుక్కు కేంద్రానికి అప్పగిస్తే వచ్చే సర్టిఫికెట్‌తో కొత్త సొంత బండి పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వడానికి వీలుంది. అమ్మకపు ధరతో దాన్ని పోల్చి చూసేటప్పుడు బండిని అక్కడిదాకా చేర్చే ఖర్చును కూడా ముందే అడిగి తెలుసుకోవాలి.